అద్దం కింద పన్నెండు వరుసలు

ఇంగ్లీషువాళ్లు మాటల దగ్గర పరమ పిసినారులు. బండ పగిలినా బ్రేకే, ఎముక విరిగినా బ్రేకే. దారం తెగినా, మాట తప్పినా, తలుపు బద్దలు కొట్టినా, ఆఖరికి టీ తాగడానికి పని ఆపినా అదే బ్రేకు. వాళ్ల పిసినారితనానికి మూడేళ్ల కింద కమలాపురం షాహనా ఉద్యోగం ఊడినంత పనయింది.

ఆమె పనిచేసేది కడప రోడ్డులో మహానంది పెట్టిన బండల ఫ్యాక్టరీలో. నల్లటి కడప బండల్ని కోసి, పాలిష్ పట్టి ఫ్రాన్సుకు పంపుతారు. అక్కడివాళ్లు రాసే ఫిర్యాదులకు వాళ్ల భాషలోనే జవాబివ్వడం షాహనా పని. ఓసారి ఇంగ్లీషు బ్రేకుకు ఫ్రెంచి మాట వెతికి, బండలు పగిలాయని రాయబోయి పని ఆపేశామని రాసింది. మహానంది ఆ రోజు ఫ్యాక్టరీ పైకప్పు లేచిపోయేలా అరిచాడు. దాంతో ఆమె డిక్షనరీ ముందేసుకుని ఆ ఒక్క మాటకున్న అర్థాలన్నీ ఏరింది. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఫ్రెంచి, మొత్తం పన్నెండు వరుసలు. బండ పగలడం కాసె, ఎముక విరగడం ఫ్రాక్త్యూర్, తలుపు బద్దలు కొట్టడం ఆంఫోన్సె, టీ విరామం పోజ్. ఆ కాగితాన్ని బల్ల అద్దం కింద పెట్టుకుంది. చూసి రాయడమే గాని నోరు తిప్పి పలకడం ఆమెకు రాదు. అయినా వచ్చినవాళ్లందరికీ ఆ కాగితం చూపించి మురిసిపోవడం మహానందికి అలవాటు.

ఆ సోమవారం పొద్దున కోత మిషను మీదుండే రేకు మూత ఊడిపోయింది. మిషను నడిపే మారెన్న మోటారు ఆపేశాడు.

"మూత బిగిచ్చేదాకా నడపనన్నా. బ్లేడు నేరుగా మొగానికి ఉండాది."

"బుధవారం ఫ్రాన్సునుంచి మనిషొస్తాంటే నువ్వు నాకు మోటారు ఆపుతావా?"

మహానంది గోడకు ఆనించిన గడ్డపార తీశాడు. మొదటి దెబ్బకు మారెన్న చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బకు పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆఫీసు గుమ్మంలో నిలబడిన షాహనాకు కూడా వినిపించింది. మూడో దెబ్బ అవసరం లేదు, అయినా కొట్టాడు. ఇరవైమంది మగవాళ్లు నిలబడి చూశారు. ఒక్కడి కాలూ కదల్లేదు. వాళ్లను అని ఏం లాభం, షాహనా కాలూ కదల్లేదు.

"బుధవారం ఆమె వచ్చి పోయేదాకా వీడు ఎవురి కంటా పడగూడదు" అన్నాడు మహానంది. రాళ్లపొడి మూటలుండే గదిలోకి మారెన్నను ఈడ్పించి తాళం వేశాడు. అందరి ఫోన్లూ బుట్టలో వేయించాడు. షాహనా వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "మీయమ్మ జులేఖా బీ ఇంట్లో ఒక్కతే ఉంటాది గదా?"

మధ్యాహ్నం మారెన్న పెండ్లాం గిడ్డమ్మ సంగటి క్యారియరుతో గేటు దగ్గరికొచ్చింది.

"లోడుతో మద్రాసుకు పోయినాడమ్మే. నాలుగు దినాలైతాది" అన్నాడు మహానంది.

గిడ్డమ్మ ఆ మాట నమ్మలేదు. నేరుగా షాహనా మొహంలోకి చూసింది. "నిజమేనా పాపా?"

షాహనా మహానంది వైపు చూసింది. "అవునక్కా" అంది. ఆ అమ్మాయి మాటమీదున్న నమ్మకంతో గిడ్డమ్మ క్యారియరు పట్టుకుని వెనక్కి పోయింది.

ఆ రెండు రోజులూ ఇంటి దగ్గర షాహనాకు మెతుకు దిగలేదు. పక్కింటి ఫోను అడిగితే ఇచ్చేవాళ్లే. అడగలేదు. మంగళవారం సాయంత్రం పొడి గది పక్కగా పోతుంటే లోపల్నుంచి మూలుగు వినబడింది. తలుపు సందులోంచి కుళ్లిన మాంసం వాసన వచ్చింది. భయం తన మీద తనకే అసహ్యం పుట్టించింది, కాని భయం మాత్రం పోలేదు.

బుధవారం పదిగంటలకు మదాం క్లేర్ దిగింది. యాభై ఏళ్ల మనిషి, మెడలో కళ్లజోడు, చేతిలో పుస్తకం. కార్మికులకు రక్షణ ఉందో లేదో చూసి పోవడం ఆమె పని. మిషనుకు కొత్త మూత మెరుస్తోంది. కూలీలందరికీ ఆ పొద్దే కొన్న టోపీలు. మహానంది తనకొచ్చిన ఇంగ్లీషంతా ఒలకబోస్తూ ఆమెను తిప్పాడు. షాహనాకు ముందే చెప్పాడు, "నీ నోట్లోనుంచి ఒక్క ఇంగ్లీషు ముక్క ఊడిపడితే చూడు."

అంతా చక్కగా జరిగిపోయేదే. మహానందికున్న గొప్పల పిచ్చి ఊరుకోనివ్వలేదు. పోయే ముందు ఆమెను ఆఫీసు గదిలోకి తీసుకొచ్చి బల్ల అద్దం చూపించాడు.

మదాం క్లేర్ కళ్లజోడు పెట్టుకుంది. ఒక్కొక్క వరుసా పైకి చదువుతూ నవ్వసాగింది. బల్లకు అవతల మహానంది పొట్ట నిమురుకుంటూ తనూ నవ్వాడు.

షాహనా లేచి ఆమె పక్కన నిలబడింది. చూపుడువేలు రెండో వరుస మీద పెట్టింది. ఎముక. మదాం చదివింది. షాహనా వేలు తీయలేదు, ఇంకా గట్టిగా నొక్కింది. నొక్కిన గోరు తెల్లబడింది. మదాం నవ్వు ఆగిపోయింది. వేలు జారి ఐదో వరుస మీదికి పోయింది. తలుపు. షాహనా తలెత్తి కిటికీలోంచి పొడి గది వైపు చూసింది. మళ్లీ ఎముక, మళ్లీ తలుపు.

మహానంది ముందుకు వంగాడు. అక్షరాలు అతనికి తలకిందులుగా ఉన్నాయి. చదువుకోవడానికి కొంత సేపు పట్టింది. చదవగానే బల్లమీద నమూనాకు పెట్టిన జానెడు బండ తీసి ఆ వేలిమీద దించాడు.

అద్దం ముక్కలైంది. వేలు నలిగింది. షాహనా పెట్టిన కేక కోత మిషన్ల హోరును దాటి బయటికి పోయింది. మహానంది మళ్లీ బండ ఎత్తాడు. షాహనా కుడి చేతిని పొట్టలో దాచుకుని, ఎడమ చేతి వేలు తీసుకొచ్చి, నెత్తురంటిన అద్దం పెంకుల మధ్య ఐదో వరుస వెతికి అక్కడే పెట్టింది.

రెండో దెబ్బ పడకముందే మదాం క్లేర్ తన పుస్తకంతో అతని మొహాన కొట్టింది. తర్వాత పరుగెత్తింది. పొడి గది దాకా పోయి తలుపును భుజంతో గుద్దింది. ఊడలేదు. ఇంకోసారి గుద్దింది. ఒక ఆడమనిషి, అదీ ఊరుగాని ఊరి మనిషి, ఒక్కతే తలుపు గుద్దుతుంటే చూసి అప్పటికి ఆ ఇరవైమందికీ సిగ్గొచ్చింది. మిషన్లు ఆగాయి. మొన్న మారెన్నను కొట్టిన గడ్డపారతోనే తాళం పగలగొట్టారు.

ఆ వాసనకు ముందున్నవాళ్లు వెనక్కి తగ్గారు. మారెన్నకు స్పృహ లేదు. చెయ్యి మోచేతి దాకా నల్లబడి, పొడి అంటుకుని, మనిషి చేతిలా లేదు. ఎదురొచ్చిన మహానందిని కూలీలు కిందపడేసి తన్నారు. పోలీసులు వచ్చేసరికి అతని పళ్లు నాలుగు నేలమీదున్నాయి. ఎవరూ జాలిపడలేదు.

కడప ఆసుపత్రిలో మారెన్న చెయ్యి తీసేశారు. ఒక్కరోజు ముందు తెచ్చినా నిలిచేదన్నాడు డాక్టరు. షాహనా వేలికి కమ్మీ వేసి చేతినిండా కట్టు కట్టారు.

గిడ్డమ్మ రెండు మంచాల మధ్య కూర్చుని ఒక ముద్ద మొగుడికీ, ఇంకో ముద్ద షాహనాకూ కలిపి పెడుతోంది. "నీ పుణ్యాన బతికినాడు పాపా. కడుపు సల్లగుండ" అంటోంది. ఆ మాట షాహనాకు బండ దెబ్బకంటే ఎక్కువ తగిలింది. మూడో ముద్ద నోటిదాకా వచ్చాక తల తిప్పేసింది.

"అక్కా, కొట్టిన పొద్దు నేను ఆడనే ఉంటి. నువ్వు గేటు కాడ అడిగినప్పుడు నాకు తెలుసు."

గిడ్డమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. మొగుడి భుజం దగ్గర ఖాళీగా పడున్న చొక్కా చేతివైపు చూసింది. అన్నం చేత్తోనే షాహనా చెంప పగిలేలా కొట్టింది. వార్డంతా తిరిగి చూసింది. మెతుకులు షాహనా చెంపకు అతుక్కున్నాయి. ఆమె తుడుచుకోలేదు.

గిడ్డమ్మ చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ముక్కు చీదుకుని, చెయ్యి కడుక్కొచ్చి, పళ్లెంలో మిగిలిన అన్నం మళ్లీ కలిపింది.

"నోరు తెరు" అంది.