ముప్పై ఏళ్ల నాటి ఎక్స్‌రే

టైలరమ్మ వెన్ను పదమూడో ఏట వంకర తిరగడం మొదలైంది. కుడి భుజం పైకి లేచి, నడుము ఎడమకు జరిగింది. తన జాకెట్లు తానే కుట్టుకునేది. ఒక పక్క అంగుళం ఎక్కువ వదిలి, లోపల దూది కూరి ఎలాగో నెట్టుకొచ్చింది. యాభై ఆరు నిండేసరికి ఆ వంకర ఏ దూదికీ దాగనంత ముదిరింది. నాలుగడుగులు వేస్తే కాళ్లు తిమ్మిరెక్కేవి. కత్తెర పట్టుకుని పది నిమిషాలు నిలబడలేకపోయేది.

ఆమెను కోరి చేసుకున్న లెక్కల మాస్టారికి వీధిలో దేవుడని పేరు. ఆ సంగతి ఆమె ముందే చెప్పుకునేవాళ్లు. ఆమె తల దించుకుని గుండీలు కుట్టుకునేది.

"ఈ వయసులో కోతలెందుకు? నిన్నెప్పుడన్నా ఒక్క మాటన్నానా?" అన్నాడు మాస్టారు, ఆపరేషన్ ఊసెత్తగానే.

"అనలేదండీ. నడవలేకపోతున్నాను, అంతే."

పాత కాగితాలుంటే తెమ్మన్నారని, మాస్టారు బీరువా మీద కట్టిపెట్టిన ఫైలు దించుకుని ఆమె ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ పాత ఎక్స్‌రే చూసి, దానికి గుచ్చిన ఇంగ్లీషు చీటీ చదివింది.

"అప్పుడే చేయించుకోమన్నారు కదమ్మా. ఎందుకొద్దన్నారు?"

"ఎవరొద్దన్నారు?"

"చేస్తే చాలావరకు సరవుతుంది, భర్త ఒప్పుకోలేదు అని రాసుంది."

ముప్పై ఏళ్ల కిందట ఆ ఎక్స్‌రే తీసిన రోజు ఆమె తెర వెనక చీర సర్దుకుంటుంటే, పెద్ద డాక్టరు మాస్టారితోనే మాట్లాడాడు. బయటికొచ్చాక మాస్టారు, "దీనికి వైద్యం లేదట. అయినా నాకు నువ్విలాగే బాగున్నావు" అన్నాడు. ఆ రెండో మాట తలుచుకునే ఆమె ముప్పై ఏళ్లు గడిపేసింది.

ఇప్పుడు వెన్నుపూసలు బిగుసుకుపోయాయట. ఎముక కోసి, మెడ కింద నుంచి తుంటి దాకా రాడ్లు, స్క్రూలు బిగించాలి. సగమే సరవుతుంది. ఆపైన నడుము వంగదు. టైలరమ్మ అంతా విని సంతకం పెట్టింది.

ఇంటికెళ్లి చీటీ ఆయన ముందుంచింది. మాస్టారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"నువ్వు ఆపరేషన్ బల్ల మీదే పోతావేమోనని భయపడ్డాను."

"భయపడితే నాతో చెప్పాల్సింది. వెన్ను నాది కదా."

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. అయిదో రోజు ఇద్దరు నర్సులు పట్టుకుని నిలబెడితే, పెళ్లయ్యాక మొదటిసారి ఆమెకు పక్కన నిలబడ్డ మాస్టారి నడినెత్తి కనిపించింది. నొప్పితో కళ్ల వెంట నీళ్లు కారుతున్నా చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం పక్కింటావిడ చూడ్డానికి వచ్చింది. మాస్టారు కుర్చీ లాక్కుని మొదలుపెట్టాడు. "తను భయపడిందమ్మా. నేనే పట్టుబట్టి చేయించాను."

టైలరమ్మ మంచం మీద నుంచే నిదానంగా అంది. "ముప్పై ఏళ్ల కిందట డాక్టరు చెయ్యమన్నాడు. ఈయన ఆ మాట నాకు చెప్పలేదు. ఇప్పుడూ వద్దనే అన్నారు."

పక్కింటావిడ తెచ్చిన పళ్లు బల్ల మీద పెట్టి, పనుందంటూ లేచి వెళ్లిపోయింది.

"నలుగురిలో నా పరువు తీశావు," అన్నాడు మాస్టారు. ఆ తర్వాత ఆమెతో ఆయన మాట్లాడింది లేదు.

ఇంటికొచ్చాక టైలరమ్మ కట్టింగు బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టించి, నిలబడే పని చేసుకుంటోంది. కాళ్ల తిమ్మిరి పోయింది. కింద పడిన దారపు ఉండను మాత్రం వంగి తీసుకోలేకపోతోంది. మాస్టారు దాన్ని దాటుకుంటూ వెళ్తాడు.

కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు గుమ్మం దిగీ దిగకముందే గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. "పాపం మాస్టారు. అలాంటి మనిషిని ఇన్నేళ్లు కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నాడు. నిటారుగా నిలబడగానే ఈవిడకి పొగరెక్కింది."

టైలరమ్మ చెవులు బాగానే పనిచేస్తాయి. ఆమె టేపు మెడలో వేసుకుని తరువాతి గుడ్డ పరిచింది.