నాలుగు నీలి సున్నాలు

రోగులున్నది కింది అంతస్తులో. వైఫై పెట్టె బిగించింది మూడో అంతస్తులో, మీటింగుల గది గోడకు. ఇది ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో ఆసుపత్రి పెద్దలారా, మీరే చెప్పాలి. మందపాటి గోడల మధ్య నలభై మంచాల మగవార్డులోకి టవర్ సిగ్నల్ రాదు. పైనుంచి దిగే వైఫై వచ్చినట్టే వచ్చి జారుకుంటుంది. మీటింగులు నెలకొకటి, జబ్బులు రోజూ. ఈ మాత్రం మీకు తట్టలేదు. తడిగుడ్డతో నేల తుడిచే ఆయాకు తట్టింది.

వార్డంతా ఆమెను సిగ్నలమ్మ అనేది.

ఆ ఉదయమూ ఆమె ఎప్పటిలాగే చివరి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి అడుగులేస్తూ తలుపువైపు తుడుచుకొస్తోంది. పొట్టి మనిషి. మోకాళ్లు ఏనాడో మొండికేశాయి. ఫినాయిల్ నీళ్లకు నానీ నానీ వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి. ముప్ఫై ఒక్కేళ్ల కిందట, భర్త ఇదే వార్డులో చనిపోయిన నెలకు, చీపురు పట్టుకుని ఇదే తలుపులోంచి లోపలికొచ్చింది. మంచాల నంబర్లు చూసి అంకెలు, మందుల డబ్బాలు చూసి అక్షరాలు నేర్చింది. "ఈ వార్డు నాకు అన్నం పెట్టింది, చదువూ చెప్పింది. ఇంకేం చెయ్యాలి?" అనేది. ఇవాళ్టితో ఆ ఉద్యోగం ఆఖరు. సాయంత్రం అయిదింటికి ఏప్రన్ అప్పజెప్పాలి. ఆ సంగతి ఆమె ఎవరి చెవినా వెయ్యలేదు.

పన్నెండో మంచం పక్కన ఒక ఇనప స్టూలు ఉంది. ఏడాది కిందట, అద్దం పగిలిన ఫోను చెవికి ఆనించుకుని వైఫై మీద కూతురితో మాట్లాడుతూ తుడుస్తుంటే, మాట ఎక్కడ తెగుతోందో ఎక్కడ నిలుస్తోందో ఆమెకు తెలిసిపోయింది. నిలిచిన చోట స్టూలు వేసి, దాని కాళ్ల చుట్టూ నీలి మార్కర్‌తో నాలుగు సున్నాలు చుట్టింది. అప్పట్నుంచి ఎంతమంది ఆ స్టూలు మీద కూర్చుని ఇంటివాళ్లతో మాట్లాడారో! లేచేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకోకుండా పోయినవాడు లేడు. సున్నాలు చెరిపెయ్యమని సూపర్‌వైజర్ రెండుసార్లు అరిచాడు.

"రోజూ తుడుస్తూనే ఉన్నాను సార్, పోవట్లేదు" అంది, వాటి చుట్టూ మాత్రమే తుడుస్తూ.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చిక్కొచ్చిపడింది. పన్నెండో మంచం మీదున్న దర్జీకి చెవులు వినబడవు, మాట రాదు, చదువు లేదు. కడుపులో పేగు వాచింది. వెంటనే కోయకపోతే పగులుతుందన్నాడు డాక్టరు. కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే దర్జీ రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. ఏం కోస్తారో, ఎందుకు కోస్తారో అతని సైగల్లో చెప్పగలిగింది అతని భార్య ఒక్కతే. ఆమె నాలుగు రోజుల బాలింత, వేరే ఊళ్లో ఉంది. నర్సు దర్జీ ఫోన్లో చెబితే ఆమె విని, వీడియోలో చేతులతో అతనికి చెప్పాలి. ఆమె కడుపు చూపించింది, కత్తి సైగ చేసింది. సరిగ్గా అక్కడే బొమ్మ బిగుసుకుపోయింది. ఆ తర్వాతి మాట అతనికి అందలేదు. దర్జీ గోడవైపు జరిగి ఇంకా ముడుచుకున్నాడు.

"డొక్కు ఫోను" అని చేతులు దులుపుకున్నాడు, పిలిస్తే వచ్చిన కంప్యూటర్ గది ఉద్యోగి.

"డొక్కుదైతే పొద్దున ఎలా ఆడింది బాబూ? ఇటు తే."

సిగ్నలమ్మ ఫోన్ని స్టూలెక్కించి నీళ్ల జగ్గుకు ఆనించింది. ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసింది. బ్యాటరీ పొదుపు తీసేసింది. పాత వైఫై పేరు తుడిపేసి పాస్‌వర్డ్ కొత్తగా కొట్టింది. రెండు నిమిషాలు బాగానే ఆడింది. మళ్లీ బిగుసుకుంది. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

ఆమె ముక్కు ఎగబీల్చింది. కూర వేడెక్కుతున్న వాసన. పక్కనున్న నర్సుల గదిలో మైక్రోవేవ్ గుర్రుమంటోంది.

"సిస్టరమ్మా, ఆ పొయ్యి ఆపించమ్మా!"

"నేను తినొద్దా? పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు."

"అది తిరిగినప్పుడల్లా బొమ్మ ఆగిపోతోంది. కావాలంటే చూడు."

నర్సు వెళ్లి ఆపింది. బొమ్మ కదిలింది. మళ్లీ వేసింది. బిగుసుకుంది. నర్సు ప్లగ్గు పీకి, కూర డబ్బా చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"ఇన్నాళ్లూ నా కూరేనా దొంగ!"

పదకొండు నిమిషాలు బొమ్మ ఆగలేదు. నర్సు చెబుతోంది, భార్య చేతులు కదులుతున్నాయి, దర్జీ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. చివరికి ఆమె బిడ్డను ఎత్తి చూపించింది. దర్జీ చంకల్లోంచి చేతులు తీశాడు. వేలిముద్ర వేశాడు.

స్ట్రెచర్ ఎక్కిస్తుంటే అతను ఆయావైపు చూసి, నేల తుడిచినట్టు చెయ్యి ఆడించి, ఆ చెయ్యి గుండెకు ఆనించుకున్నాడు.

"ఏమంటున్నాడు?" అంది ఆమె.

"నీకు పేరు పెట్టాడమ్మా" అంది ఫోన్లోంచి అతని భార్య. "మా సైగల్లో ఇకనుంచి నీ పేరదే."

ఆమె తడి లేని చేతుల్ని ఏప్రన్‌కు తుడుచుకుంది. ఎవరైనా ఇంత దయ చూపిస్తే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

నాలుగున్నరకు ఆపరేషన్ బాగా జరిగిందన్న కబురొచ్చింది. ఆమె చివరి గోడ నుంచి ఇంకోసారి తుడవడం మొదలుపెట్టింది. వెనక్కి, వెనక్కి. గడప దాటాక గుడ్డ పిండి, బక్కెట్ బోర్లించి, ఏప్రన్ మడిచి దానిమీద పెట్టింది. నర్సు చల్లారిన కూర డబ్బా ముగించి, ఆమె కోసం వార్డులోకి వచ్చేసరికి నేల ఆరిపోయింది, ఆమె వెళ్లిపోయింది.

పెద్దలారా, రేపు పొద్దున్నే ఆ పెట్టెను మీటింగుల గదిలోంచి ఊడబీకి వార్డులో బిగించండి. బిగించేదాకా ఆ స్టూలు జోలికి ఎవరూ పోవద్దు. కొత్తగా తుడవడానికి వచ్చే మనిషికీ చెప్పండి: నాలుగు కాళ్లూ నాలుగు నీలి సున్నాల్లో నిలబడి ఉన్నాయి, నీళ్ల జగ్గు ఇంకా దాని మీదే ఉంది.