శుక్రవారం వంతు

నేను ఒక డయాలసిస్ యంత్రాన్ని. ఎక్కడో విదేశంలో తయారై, ఓడలో వచ్చి, జీడితోటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో గోడవారగా నిలబడ్డాను. మూత్రపిండాలు చెడిపోయిన మనిషి రక్తాన్ని నాలుగు గంటలపాటు శుభ్రం చేసి తిరిగి ఒంట్లోకి పంపడం నా పని.

దమయంతి ఐదేళ్లు నా పక్క మంచం మీదే పడుకుంది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి వేళ్లు నల్లబడిన మనిషి. సోమ, బుధ, శుక్రవారాలు ఆమె వంతు. ప్రభుత్వ పథకం కింద వైద్యం ఉచితం. టెక్నీషియన్ జోగారావు సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకోకుండా చూసేది.

ఒక వేసవిలో ఉత్తరువు వచ్చింది. పథకం ఖర్చు ఏటేటా పెరిగిపోతోంది కాబట్టి ఇకపై వారానికి రెండుసార్లే. శుక్రవారం పోయింది. మనుషులు చిత్రమైనవాళ్లు. ఒంట్లో పేరుకునే విషం కూడా ఉత్తరువు చూసి ఆగుతుందనుకుంటారు.

మొదటి శుక్రవారం దమయంతి ఇంట్లోనే ఉండిపోయింది. సోమవారానికి కాళ్లు వాచి, రొప్పుతూ వచ్చింది. రెండో శుక్రవారం మాత్రం మామూలు వేళకే వచ్చి, మంచమెక్కి చెయ్యి చాపింది.

"కంప్యూటర్ ఒప్పుకోదు పిన్నీ," అన్నాడు జోగారావు.

"కంప్యూటరుకి ఆయాసం రాదు కదరా. నాను లెగను."

ఆ రోజే సమీక్షకు జిల్లా అధికారి వచ్చాడు. మంచివాడే. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఖర్చు మోయలేకపోతున్నామమ్మా. అందరికీ కొంత తగ్గిస్తేనే పథకం నిలబడుతుంది."

"మా ఈదిలో ముందు నానొక్కదాన్నే బావూ. ఇప్పుడు తొమ్మిదిమందిమి. జబ్బు పెరిగింది గనకే ఖర్చు పెరిగింది. అదెందుకు పెరిగిందో సూడరు. నా వంతు తగ్గిస్తే జబ్బు తగ్గుతాదా?"

ఆమె మంచం దిగలేదు. మధ్యాహ్నానికి మిగతా ఎనిమిదిమందీ వచ్చి వరండాలో కూర్చున్నారు. వాళ్ల కాళ్ల వాపులు ఆయన కళ్లారా చూశాడు.

చివరికి జోగారావు ఎవరినీ అడగకుండా చేతులు కడుక్కొచ్చి నాకు గొట్టాలు బిగించాడు. "నాకు మెమో ఇచ్చుకోండి సార్," అన్నాడు. సూది సూటిగానే దిగింది. అధికారి ఆపలేదు. ఆ నాలుగు గంటలూ ఒక్కసారి కూడా అలారం మోగించకుండా పనిచేశాను. నాకు చేతనైన మొండితనం అదే.

మెమో వచ్చింది. అధికారి రాసిన నివేదిక కూడా పైకి వెళ్లింది. ప్రతి శుక్రవారం తొమ్మిదిమందీ వచ్చి కూర్చుంటూనే ఉన్నారు. రెండు నెలలకు మూడో వంతు తిరిగి ఇచ్చారు. జోగారావు మెమో మాత్రం రద్దు కాలేదు. అతను దాని గురించి ఎవరినీ బతిమాలలేదు.

ఇప్పుడు నన్ను బాగుచేయించడం దండగని తేల్చి, ఆసుపత్రి వెనక షెడ్డులో విరిగిన మంచాల మధ్య పడేశారు. నేను యంత్రాన్ని, నన్ను పక్కన పెట్టొచ్చు. మొన్న పొద్దున షెడ్డు బయట దమయంతి గొంతు వినిపించింది. తన వీధి ఆడవాళ్లందరినీ ఆటోలు ఎక్కిస్తోంది.

"ఎక్కడికి పిన్నీ?" అని అడిగాడు జోగారావు.

"కలెక్టరాఫీసుకి. మా ఈదిలో పదో మనిషి మంచమెక్కకముందే ఈ జబ్బెందుకొస్తందో తేల్చమని అడగడానికి. తేల్చేదాకా అక్కడే కూకుంటాం."