అందరూ మెచ్చిన సూచన

గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ భోజనాల హాల్లో నెలకోసారి మెరుగుదల సభ జరిగేది. ఆఫీసు పని బాగుపడే ఉపాయం ఎవరైనా చెప్పవచ్చు. నచ్చినదానికి చప్పట్లు, శాలువా, మిఠాయి డబ్బా. ఆ సభ నడిపే పుణ్యవతికి అదంటే ప్రాణం. ఊడ్చేవాళ్ల చేత కూడా మైకులో మాట్లాడిస్తున్నానని ఆవిడ మురిసిపోయేది.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. బంద్ నాడు రోడ్లు మూతపడకముందే, పొద్దు పొడవకుండానే, కంపెనీ బస్సులు ఉద్యోగులను తెచ్చేసేవి. కాంట్రాక్టరు కింద ఊడ్చి తుడిచే ఆడవాళ్లకు మాత్రం ఆ బస్సెక్కే భాగ్యం లేదు. వాళ్లలో ఒకతె, భూలక్ష్మి, ఓ సభలో లేచి మైకు అందుకుంది.

"తెలంగాణ రావాలె, బంద్ జెయ్యాలె మేడమ్. కాని మా నౌకరి గూడ నిలవాలె గద! బంద్ నాడు ఆలస్యమైతె తీసేస్తనంటుండు కాంట్రాక్టరు. బస్సుల ఖాళీ సీట్లుంటయి, మమ్ముల గూడ ఎక్కించుకోండ్రి."

హాలంతా చప్పట్లు. మేనేజరు విశ్వేశ్వరరావు స్వయంగా శాలువా కప్పాడు. ఇంత చక్కని మాట ఎవరు కాదంటారు? ఎవరూ కాదనలేదు. ఎవరూ చెయ్యనూ లేదు.

మళ్లీ బంద్ వచ్చింది. నల్లగండ్లలో బస్సు ఆగింది. లోపల పుణ్యవతి, చుట్టూ సగం ఖాళీ సీట్లు. కింద భూలక్ష్మి.

"నాకు ఆర్డర్ రాలేదక్కా. ఎక్కించుకుంటె నా నౌకరి పోతది," అన్నాడు డ్రైవరు యాదయ్య, ఆమె ముఖం చూడలేక.

పుణ్యవతి గాభరాగా బస్సుల ఆఫీసరుకు ఫోన్ చేసింది. "మాకెవరూ చెప్పలేదండీ. సభ మీదే కదా!" అన్నాడాయన. నిజమే. శాలువా కొనడం ఆవిడకు గుర్తుంది. ఆర్డర్ ఎవరు రాయాలో ఆవిడా అడగలేదు. దిగి పోట్లాడే ధైర్యం కూడా చాలలేదు. బస్సు కదిలింది.

భూలక్ష్మి నడిచి చేరేసరికి ఎండెక్కింది. కాంట్రాక్టరు గేటు దగ్గరే ఇక పని లేదు పొమ్మన్నాడు. సంగతి తెలిసి పుణ్యవతి పరుగున వెళ్లింది.

"బంద్ అంటె ముందు దినమే వచ్చి గీడ మా చెల్లె ఇంట్ల పండుకుంటుంటి మేడమ్. ఎన్నడు ఆలస్యం గాలే," అంది భూలక్ష్మి. "ఈసారి శాలువ గప్పిన్రు గద, బస్సుల ఎక్కించుకుంటరనుకున్న."

పుణ్యవతి తిన్నగా విశ్వేశ్వరరావు గదికి వెళ్లి మొరపెట్టుకుంది. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో పాపం! కాంట్రాక్టరు వ్యవహారంలో మనం వేలు పెట్టలేమమ్మా. వచ్చే సభలో ఈ సంగతి పెట్టండి. మంచి సూచన అవుతుంది."

ఆవిడ మళ్లీ గేటు దగ్గరికి వచ్చేసరికి భూలక్ష్మి వెళ్లిపోయింది. వచ్చే నెల సభ ఆగలేదు. పుణ్యవతే నడిపింది, చప్పట్లూ బాగానే మోగాయి. కానీ ఆ మోతలో ఆవిడకు ఒక్కటే అర్థమైంది: మెచ్చుకున్న మాటను చేసి చూపే బాధ్యత ఎవరో ఒకరి నెత్తిన పెట్టని సంస్థ ఎన్ని సభలు జరిపినా బాగుపడదు, దాన్ని నమ్మినవాళ్లే ముందుగా వీధిన పడతారు.