తలుపులు మోసే ఆడవాళ్ళు

లిథువేనియా చిత్రకారిణి ఆల్దోనా బొమ్మల్లో ఆడవాళ్ళంతా వీపు మీద తలుపులు మోస్తుంటారు. నల్లటి సిరాలో తెల్లటి గీతలు, నోరు నొక్కేసినట్టుండే ముఖాలు. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో సోవియట్ కళాకారుల బృందంతో ఆమె యూనివర్సిటీ క్యాంపస్‌కు వచ్చినప్పుడు, అక్కడ రష్యన్ నేర్పే అరుంధతిని దుబాసీగా వేశారు.

మూడోనాడు అరుంధతి ఆమెను తార్నాకలోని తన ఇంటికి తీసుకెళ్ళింది. పెసరట్టు తింటూ తింటూ ఆల్దోనా ఆగి చెప్పింది.

"మా దేశాన్ని కలిపేసుకున్నాక సోవియట్ సైనికులు మా అమ్మనీ చెల్లెల్నీ గూడ్సు బండెక్కించి సైబీరియాకు పంపేశారు. నేనప్పుడు ఊళ్ళో లేను. వెళ్ళి చూస్తే తలుపు గాలికి కొట్టుకుంటోంది. తాళం వేసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు అమ్మకి."

ఆ మాట తనను నమ్మి చెప్పిందని అరుంధతి పొంగిపోయింది.

మర్నాడు హాల్లో ప్రదర్శనకు పెట్టిన బొమ్మల మధ్యే సభ. రాజలింగం అనే ఎమ్మే విద్యార్థి లేచాడు. "గా తలుపులేంది మేడమ్? వీపు మీదెందుకు మోస్తున్నరు?"

"కొత్త ఇళ్ళు కట్టుకునే శ్రామిక స్త్రీలు" అంది ఆల్దోనా రష్యన్‌లో. ముందు వరసలో బృందం నాయకుడు తలూపాడు.

అరుంధతి అంతవరకే చెప్పి ఊరుకోవచ్చు. కానీ అంత గొప్ప బొమ్మను ఇంత చప్పటి మాటతో పోనివ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. వచ్చినవాళ్ళలో తెలుగు తెలిసిందెవరికి గనక? గూడ్సు బండి సంగతి, అమ్మ సంగతి అంతా చెప్పేసింది. చప్పట్లు మోగాయి. ఆల్దోనా ఏమీ తెలియక నవ్వుతూ చేతులు జోడించింది.

తెల్లారి అదంతా ఇంగ్లీషు పేపర్లో అచ్చయింది.

హాల్లో బొమ్మలు దించేశారని విని అరుంధతి గెస్ట్‌హౌస్‌కు పరుగెత్తింది. ఆల్దోనా పెట్టె సర్దుకుని కూర్చుని ఉంది.

"మీ మంచి కోరే చెప్పాను" అంది అరుంధతి.

"తెలుసు. నిన్నెవరూ బలవంతపెట్టలేదు కూడా." ఆమె గొంతులో కోపం లేదు. "చెల్లెలు ఒక్కతే తిరిగొచ్చింది. ఇప్పుడు అక్కడ పోలీసులు దాన్ని పిలిచి అడుగుతారు."

కారొచ్చింది. అరుంధతి చాచిన చేతిని ఆమె అందుకోలేదు.

అరుంధతి రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు. మరుసటేడు ఇంకో బృందం వస్తోందని డిపార్ట్‌మెంట్ హెడ్ ఉమాపతి ఆమెను పిలిచారు.

"పోయినసారి వచ్చిన నాయకుడు మీ గురించి మంచిగ రాసిండమ్మా. మీ వల్లనే ఆమె సంగతి బయటపడ్డదట. మళ్ళా మిమ్మల్నే పెట్టమంటున్నరు."

అరుంధతి రానని చెప్పలేకపోయింది.