ఎలుగుబంటి భుజం దాకా

"ఏవండీ! ఒక్కసారి ఇటు రండి!"

పెరట్లో కుళాయి కింద చేతుల సిమెంటు వదిలించుకుంటున్న టైల్స్ మేస్త్రీ చటుక్కున లేచాడు. ఆ ఇంట్లో ఆ గొంతు అంత గట్టిగా లేచిందంటే మంచి కబురు కాదు. తడి చేతులతోనే లోపలికి పరిగెత్తాడు.

పిల్ల పడలేదు. పడకగది గుమ్మానికి వీపు ఆనించి, గడ్డం పైకెత్తి, పెరేడ్‌లో సిపాయిలా నిలబడి ఉంది. భార్య పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆమె చేతిలో పెన్సిల్ ఉంది.

"చూడండి" అంది. "గీత పైకొచ్చింది."

మేస్త్రీ వంగి చూశాడు. గుమ్మం చెక్క మీద నెలనెలా గీసిన పెన్సిల్ గీతలు ఒకదాని మీద ఒకటి పడి, ఏడాదిగా ఒకే నల్లటి చారలా ఉన్నాయి. ఇప్పుడు ఆ చారకి పైన, వేలు పట్టేంత ఎడంగా, కొత్త గీత ఒంటరిగా మెరుస్తోంది.

"మళ్ళీ పెట్టు" అన్నాడు.

మళ్ళీ పెట్టింది. పిల్ల నెత్తి మీద అట్ట ముక్క ఆనించి, మడమలు గుమ్మానికి నొక్కి, మళ్ళీ గీసింది. అదే చోటు.

"నేను పెద్ద!" అంది పిల్ల.

మూడేళ్ళు నిండబోతున్నా ఏడాది పిల్లలా ఉంటుంది. పుట్టినప్పుడు చూసి మేనమామ ముద్దుగా 'ఆవగింజ' అన్నాడు. ఏడాదిన్నర వరకు ఆ పేరు విని అందరూ నవ్వేవారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎముకలు పెరగడం మానేశాయని డాక్టరమ్మ చెప్పింది. రోజూ సాయంత్రం ఓ సూదిమందు రాసింది. కిందటిసారి మాత్రం బల్ల మీది కాగితాలన్నీ పక్కకి జరిపి, నెమ్మదిగా మాట్లాడింది.

"పొట్టిగా ఉంటుందని కాదమ్మా నా భయం. ఛాతీ పెరగకపోతే ఊపిరితిత్తులకు చోటు చాలదు. వచ్చేసారికి కూడా మార్పు లేకపోతే ఈ మందు ఆపేద్దాం. దీని తర్వాత ఇవ్వడానికి నా దగ్గర ఇంకోటి లేదు."

ఆ వచ్చేసారి ఇప్పుడు వచ్చే సోమవారమే.

అందుకే ఆ సాయంత్రం భార్య పిల్లని ఎత్తుకుని గిరగిరా తిరుగుతుంటే, మేస్త్రీ గోడకి ఆనుకుని కూలబడి, ముఖం తువ్వాలుతో కప్పుకున్నాడు.

* * *

పార్కు ఆలోచన భార్యదే.

పోయినేడాది ఒకసారి వెళ్ళారు. పక్క పట్నంలో ఉంది ఆ బొమ్మల పార్కు. పెద్ద చక్రాలూ గాల్లో తలకిందులయ్యే బండ్లూ వీళ్ళకి అక్కర్లేదు. పసిపిల్లల కోసం ఓ చిన్న రైలుంది. పరిగెత్తే రైలు కూడా కాదు, తీరిగ్గా నడిచే రైలు. ఎక్కే చోట రంగులేసిన కొయ్య ఎలుగుబంటి నిలబడి ఉంటుంది. పిల్ల నెత్తి దాని భుజం దాకా వస్తే ఎక్కనిస్తారు, లేకపోతే లేదు. మేస్త్రీ టిక్కెట్ల వరుసలో నిలబడి తల్లీపిల్లల్ని ముందు పంపాడు. టిక్కెట్లు పట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. భార్య తల తిప్పుకుని ముక్కు తుడుచుకుంటోంది. పిల్లకేమీ తెలీదు. ఎలుగుబంటి తనకోసమే ఉందనుకుని దాని పొట్ట వాటేసుకుని వదలడం లేదు.

ఆ రోజు నుంచి పిల్ల నోట ఒకటే మాట, 'ఎలుగు'.

"శుక్రవారం బయల్దేరదాం" అంది భార్య, తమ్ముడు తెచ్చిన పార్కు పటం భోజనాల బల్ల మీద పరిచి. "రెండు రాత్రులు పక్కనే ఏదో ఒక గది. శనివారం గేటు తీయగానే రైలు. ఎండెక్కేలోగా గదికొచ్చి నిద్ర. సాయంత్రం ఫౌంటెన్లు. ఆదివారం చేపల గది. సోమవారం పొద్దున్నే అట్నుంచటే డాక్టరమ్మ దగ్గరికి."

"అక్కా, నువ్వెళ్ళేది పార్కుకా, దండయాత్రకా?" అన్నాడు తమ్ముడు. పాల వ్యాను నడుపుతాడు. నోరు వ్యాను కంటే వేగం.

"నిద్ర చెడ్డ పసిదానితో ఒక పూట తిరిగి చూడు, తేడా ఏంటో తెలుస్తుంది. సూదిమందుకి ఐసు డబ్బా కావాలి. తోపుడు బండి నీ వ్యానులో పడుతుందా?"

"ఏనుగే పడుతుంది. ఏం బావా, మాట్లాడవేం? అన్ని శాఖలూ అక్కే చూసుకుంటే నీకు మిగిలిందేంటి?"

"బండి తొయ్యడం" అన్నాడు మేస్త్రీ.

"అదీ! ఇంట్లో పెద్ద పదవి అది. ఏమే కోడలుపిల్లా, ఎలుగుబంటి చెవి పట్టుకుని లాగుతావా ఈసారి?"

"లాగుతా" అంది పిల్ల, అతని చెవి పట్టుకుని లాగి.

అందరూ నవ్వారు. భార్య నవ్వి, నవ్వి, కళ్ళు ఒత్తుకుంది. ఆమె కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. ఆ వీధిలో కళ్ళజోడు పెట్టుకున్న ప్రతి మనిషికీ ఈపాటికి గీత సంగతి తెలిసే ఉంటుంది.

"రైల్లో కూర్చున్నప్పుడు ఫొటో తీస్తాను. సోమవారం డాక్టరమ్మ బల్ల మీద పెడతాను" అంది. "ఆవిడ మందు ఆపుతానన్న నోటితోనే ఇంకో ఏడాది రాస్తాననాలి."

* * *

బుధవారం మధ్యాహ్నం మేస్త్రీ ఓ పెద్దింట్లో తలుపు కోస్తున్నాడు.

హాల్లో టైల్స్ పని అయిపోయింది. తలుపు ఊడదీసి, రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి, అడుగు అంచు రంపం మిషనుతో తీస్తున్నాడు. చెక్కపొడి పొగలా లేస్తోంది. ఇంటావిడ పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"అయ్యయ్యో, బంగారం లాంటి తలుపు! దాన్నెందుకయ్యా కోస్తున్నావు?"

"నేల పైకి లేచింది కదమ్మా" అన్నాడు, మిషను ఆపకుండానే. "పాత గచ్చు తవ్వొద్దన్నారు. దాని మీదే సిమెంటూ టైలూ వేశాం. నేల లేచినంతా తలుపు తగ్గాల్సిందే. గుమ్మం ఎక్కడిదక్కడే ఉంటుంది, నేలే..."

ఆ మాటలు అతను ఎన్ని ఇళ్ళల్లో అన్నాడో లెక్కే లేదు. ఈసారి సగంలో ఆగిపోయాడు.

మిషను ఖాళీగా తిరుగుతోంది. చేతులు దాన్ని పట్టుకునే ఉన్నాయి. కళ్ళ ముందు మాత్రం ఆ తలుపు లేదు.

పోయిన నెల భార్యా పిల్లా పుట్టింటికి వెళ్ళారు. పడకగది గచ్చు పగిలి, పిల్ల పాదాలకు గుచ్చుకుంటోందని ఆమె ఎప్పట్నుంచో పోరుతోంది. వాళ్ళు తిరిగొచ్చేలోగా పనుల్లో మిగిలిన టైల్స్ తెచ్చి, గది నిండా పరిచేశాడు, వచ్చి చూసి మురిసిపోతారని. పాత గచ్చు తవ్వలేదు. తలుపు అడుగు కోశాడు. గుమ్మాన్ని మాత్రం ముట్టుకోలేదు. గీతలున్నాయని, చెరిగిపోతాయని, ఆ చెక్క చుట్టూ గుడ్డ చుట్టి మరీ పని చేశాడు.

"ఏమయ్యా? ఒంట్లో బాగాలేదా?" అంటోంది ఇంటావిడ.

"రేపొచ్చి బిగిస్తానమ్మా" అన్నాడు. తలుపు అలాగే వదిలేసి నడిచాడు. వెనక ఆవిడ ఏదో అరుస్తూనే ఉంది.

ఇంటికి తాళం వేసి ఉంటే, తన దగ్గరున్న చెవితో తీశాడు. భార్య పిల్లని తీసుకుని ఎండ టోపీ కొనడానికి బజారుకి పోయింది. మేస్త్రీ పెరట్లో మిగిలిన టైల్స్ తిరగేశాడు. సరిగ్గా కూర్చోలేదని అప్పుడు పెకలించి పారేసిన ముక్క ఒకటి దొరికింది. వెనకాల సిమెంటు పట్టుకునే ఉంది. దాన్ని తెచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నల్లటి చార మీద దాని అడుగు అంచు ఆనించి, సిమెంటుతో కలిపి మందం ఎక్కడిదాకా వస్తుందో చూశాడు.

పై అంచు కొత్త గీతని ముద్దు పెట్టుకున్నట్టు తాకింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇన్నేళ్ళ పనిలో ఏ కొలతా అతనికి అంత కచ్చితంగా కుదరలేదు.

పిల్ల పెరగలేదు. ఊళ్ళో అందరి తలుపులూ కోసినవాడు తన గుమ్మం దగ్గర గుడ్డివాడయ్యాడు. ఏడాది సూదులూ, ఏడాది ఏడుపులూ కలిపి ఆ చారని గోరంత కూడా కదపలేదు. కదిపింది తనే.

బయట గేటు చప్పుడైంది. టైలు ముక్కని గబుక్కున మంచం కిందికి తోశాడు.

"వచ్చేశారా! నయం, మీరే చూడండి" అంటూ వచ్చింది భార్య. పిల్ల నెత్తిన పసుపు టోపీ, కళ్ళ దాకా దిగి ఉంది. "ఈ గౌను చూశారా? మోకాళ్ళ పైకొచ్చేసింది! దుకాణంలో అమ్మాయి కూడా అంది, పిల్ల సాగిందండీ అని."

ఆ గౌను ఎందుకు పొట్టిదైందో అతనికి తెలుసు. ఆదివారం ఉతకడానికి తనే మరిగే నీళ్ళలో నానబెడితే కుంచించుకుపోయింది.

"ఇదిగో, నీకో మాట..." అన్నాడు.

"ఊఁ?"

ఆమె తల ఎత్తింది. ఏడాది కిందట ఆ ముఖం ఎలా ఉండేదో అతను మర్చిపోయాడు. ఇప్పుడు మళ్ళీ కనిపిస్తోంది. చెప్పడం చెప్పకపోవడం తన చేతిలో ఉంది గానీ, సోమవారం ఎవరి చేతిలోనూ లేదు. డాక్టరమ్మ గదిలో నేలని ఎవరూ ఎత్తలేదు.

"తోపుడు బండి చక్రం అరుస్తోంది. నూనె వేస్తాలే" అన్నాడు.

* * *

మర్నాడు తలుపు బిగించి వస్తూ ఎర్ర బూట్లు కొన్నాడు. సరంజామా గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. నడిస్తే చప్పుడు రాకుండా చెక్క ఫ్లోరింగ్ కింద పరిచే మందపాటి రబ్బరు షీటుంది. బూటు అట్ట కింద దాన్ని పొర మీద పొర అతికించాడు. అంచులు కత్తితో చెక్కి, ఆకురాయితో రుద్ది, పైన నల్ల రంగు పూశాడు. అతుకు కనబడకుండా అతకడమే అతని వృత్తి. నేలని ఎత్తడం తప్ప ఇంకో విద్య రాదు. పిల్లకి కావలసింది ఆ విద్య కాదు.

ఒక్క శనివారం. రైలు ఒక్క చుట్టు తిరిగితే చాలు. భార్యకి ఆ ఒక్క ఫొటో దక్కితే చాలు. ఆ తర్వాత సోమవారం ఎటూ వస్తుంది.

"ఇంత లావు అట్టలేంటండీ?" అంది భార్య, సంచీలు సర్దుతూ ఓరగా చూసి.

"ఇప్పుడివే ఫ్యాషనట."

"మీకెప్పట్నుంచీ తెలుసు ఫ్యాషన్లు!" అని నవ్వి, ఐసు డబ్బా మూత బిగించే పనిలో పడింది.

పిల్ల ఆ బూట్లేసుకుని గదంతా తొట్రుపడుతూ తిరిగింది, పడవలో నడుస్తున్నట్టు.

* * *

వ్యాను ఊరు దాటింది. బావమరిది స్టీరింగ్ మీద తాళం వేస్తూ, రాని పాటని చంపుతున్నాడు. మేస్త్రీ అతని పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో భార్య ఒళ్ళో పిల్ల నిద్రపోయింది. పసుపు టోపీ జారి మెడలో వేలాడుతోంది.

"బావా, రైలు దిగి మళ్ళీ ఎక్కుతానంటే? నా కోడలు మొండిది, ముందే చెప్తున్నా."

"ఎక్కిద్దాంలే."

మలుపులో వ్యాను కుదిపింది. నిద్రలో పిల్ల కాలు వేలాడి, ఒక బూటు ఊడి కింద పడింది.

ధబ్బుమంది.

"ఏంటిది బావా, ఇనప బూట్లా?" అన్నాడు బావమరిది, నవ్వుతూ.

మేస్త్రీ వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఉన్న అద్దంలో భార్య వంగడం కనిపించింది. బూటు చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది. తిరగేసింది. అట్ట అంచు మీద బొటనవేలు పోనిచ్చింది. నునుపుగా చెక్కిన ఆ అంచు ఎవరి చేతిపనో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చేతులు పరిచిన నేల మీదే కదా రోజూ తిరుగుతోంది.

బొటనవేలు ఆగిపోయింది.

ఆమె చూపు బూటు మీద లేదు. మనసులో ఎక్కడో పడకగది గుమ్మం దగ్గరికి వెళ్ళిందనీ, గీత చూసి, నేల చూసి, మళ్ళీ గీత చూసిందనీ అతనికి అద్దంలో తెలిసిపోయింది. కాసేపటికి ఆమె కళ్ళెత్తింది. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి.

"అంతా నేలేనా?" అంది.

అతను తలూపాడు.

"కొంచెం కూడా...?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఏంటక్కా, ఏం నేల?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు రోడ్డు చూడు" అంది. గొంతు మామూలుగానే ఉంది. పిల్ల కాలు ఒళ్ళోకి తీసుకుని, బూటు తొడిగి, పట్టీ బిగించింది. ఊడిపోకూడదన్నట్టు మరీ గట్టిగా బిగించింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అంది.

"మీరు టిక్కెట్ల దగ్గర ఉన్నారు పోయినసారి. మీకు తెలీదు."

"ఏంటి?"

"అక్కడ బూట్లు విప్పించి కొలుస్తారు."

బావమరిది పాట అందుకున్నాడు. దూరంగా, చెట్ల తలల మీద, పార్కు పెద్ద చక్రం పైభాగం కనిపించింది. ఆపమని ఎవరూ అనలేదు. ఆపితే ఎందుకో చెప్పాలి. వెనక్కి తిరిగితే సోమవారం ఇంకా తొందరగా వచ్చేస్తుందేమో అన్నట్టు ఇద్దరూ కూర్చుండిపోయారు.

పిల్ల కదిలింది. కళ్ళు నలుపుకుంది.

"ఎలుగొచ్చిందా?"

"వస్తోందమ్మా" అంది తల్లి. టోపీ సరిచేసి పెట్టింది.