నిమ్మకాయంత దూరం

నేను ఒక పాత స్పోర్ట్స్ కారుని. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నెత్తిన కప్పు లేదు, ఒకచోట కాలు నిలవదు. అలాంటిదాన్ని ఇప్పుడు నున్నటి గచ్చు మీద నిలబెట్టి చుట్టూ ఎర్ర తాడు కట్టారు. తాడు ఎందుకో నాకు అర్థం కాదు. జనం నా మీదికి రాకుండానా, నేను జనం మీదికి పోకుండానా? రెండోదే అయితే వీళ్లకి నా మీద ఇంకా కాస్త గౌరవం ఉన్నట్టే.

ఇటలీలో ఒక చిన్న ఊళ్లో పుట్టాను. అచ్చులో పోసి తీసిన ఒళ్లు కాదు నాది. చెక్క దిమ్మ మీద అల్యూమినియం రేకు పరిచి, మన కంచరివాళ్లు బిందె సాగగొట్టినట్టు సుత్తితో కొట్టి చేశారు. అందుకే నా కుడి బుగ్గకీ ఎడమ బుగ్గకీ వేలెడు తేడా ఉంటుంది. అందగత్తెలకి ఆమాత్రం ఉంటుందిలెండి. ఓడెక్కి మద్రాసు వచ్చి ఒక సినిమా నిర్మాత చేతిలో పడ్డాను. ఆ మహానుభావుడు నన్ను స్టూడియోలో ఇటుకల మీదికి ఎక్కించాడు. హీరో స్టీరింగు అటూ ఇటూ తిప్పేవాడు, పెద్ద ఫ్యాను హీరోయిన్ జుట్టు ఎగరేసేది, వెనక తెర మీద కొండలు పరిగెత్తేవి. థియేటర్లలో ఈలలు మోగాయట. నేను మాత్రం అంగుళం కదల్లేదు. మనుషులకి వేగం ఇష్టమంటారు గానీ, వేగంగా పోతున్నట్టు కనిపిస్తే చాలు వాళ్లకి.

అక్కణ్ణుంచి నన్ను విడిపించినవారు భానోజీరావుగారు. విజయనగరంలో జనపనార మిల్లు, విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఇల్లు. మద్రాసు నుంచి ఇంటిదాకా తానే నడుపుకొచ్చారు. తుని దగ్గర గేదెల మంద అడ్డం వచ్చి ఆగితే నేను కుతకుతా ఉడికి ఆవిరి కక్కాను. ఆయన దిగి, బావిలో నీళ్లు తోడి పోసి, నేను కుదుటపడేదాకా పక్కనే గట్టు మీద కూర్చున్నారు. నా రోగం ఆరోజే పట్టేశారు. ఇది పరిగెడితే చల్లగా ఉంటుంది, నిలబెడితే ఉడికిపోతుంది అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు.

ఆయన కూతురు హైమవతి నా ఒళ్లోనే డ్రైవింగు నేర్చుకుంది. గేరు మార్చాలంటే చేత్తో కాదు, చెవితో మార్చాలని తండ్రి నేర్పారు. ఆ పిల్ల నా ఇంజను గొంతుకి శ్రుతి కలిపి కూనిరాగం తీసేది. శ్రుతి పైకి వెళ్లగానే క్లచ్చి తొక్కి రెండో గేరు వేసేది. పొద్దున్నే భీమిలి రోడ్డు మీద, ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం, మేమిద్దరం పాడుకుంటూ పోయేవాళ్లం. అంత సుఖం నేను మళ్లీ ఎరగను. తర్వాత హైమ కాలేజీలో పాఠాలు చెప్పడంలో పడింది. పెద్దాయన మోకాళ్లు క్లచ్చి తొక్కలేమన్నాయి. నన్ను షెడ్డులో పెట్టి దుప్పటి కప్పారు. నా సీట్లో ఒక పిల్లి ఈనింది. పిల్లకూనలు ముచ్చటగానే ఉన్నాయి గానీ, కదలకుండా కూర్చోవడం ఉందే, అది నా వల్ల కాదు బాబూ.

అప్పుడు దిగింది కొత్తది. హైమ తమ్ముడు శశాంక్ కొన్నాడు. చిలకపచ్చ రంగు, చీమలు కూడా తల వంచుకుని దూరాల్సినంత కిందికి పొట్ట. నన్ను లేపాలంటే చోకు లాగాలి, పెడలు తొక్కాలి, బతిమాలాలి. దానికి బటన్ నొక్కితే చాలు, నిమజ్జనం డప్పుల్లా మోగుతుంది. నాకున్నవి రెండు దీపాలూ ఒక హారనూ. దానికి ఒళ్లంతా కళ్లే, ముందేముందో వెనకేముందో అన్నీ చూసి చెబుతుంది. కళ్లు మూసి తెరిచేలోగా వందలో పోతుందని శశాంక్ చుట్టాలందరికీ చెప్పేవాడు. ఆ మాట నిజమే అయ్యుంటుంది, ఎవరు చూడొచ్చారు? మా వీధిలో ఉన్నవన్నీ స్పీడ్ బ్రేకర్లే. ఒక్కొక్కదాని ముందూ ఆపి, పక్కవాళ్లు రా రా అంటుంటే, ముసలమ్మని మెట్లు దింపినట్టు దాటించేవాడు. మొదట్లో దాన్ని చూసి కుళ్లుకున్నాను. తర్వాత జాలేసింది. అదీ నాలాగే కట్టేసిన గొడ్డు.

షెడ్డు ఇరుకైపోయింది. ఆ సమయంలోనే ఒక మ్యూజియం వాళ్లు నన్ను అడిగారు. తీసుకెళ్లి నూనె తోడేసి, పెట్రోలు తోడేసి, బ్యాటరీ పీకేసి నిలబెడతారట. ఇంకెప్పుడూ ఇంజను తిప్పకూడదన్నది అక్కడి నియమం. శశాంక్ సరేనన్నాడు. హైమ ససేమిరా అంది, తండ్రి వెంటపడింది. నా గుండె చెప్పొద్దూ, దుప్పటి కింద లబలబలాడిపోయింది. చివరికి పెద్దాయన తేల్చేశారు.

"దసరా పూజకి దీన్ని నీ చేత్తో నడిపి, నిమ్మకాయలు తొక్కించి, బీచి రోడ్డు దాకా తిప్పి తీసుకురామ్మా. తెచ్చావా, నేనున్నన్నాళ్లూ ఇది ఇక్కడే ఉంటుంది. లేదంటే సాయంత్రానికి లారీ ఎక్కించేస్తాను."

హైమ కాలేజీకి సెలవు పెట్టింది. కార్బురేటరు విప్పి కడిగింది, పిల్లికి వేరే గంప చూసింది, గోళ్ల నిండా గ్రీజు చేసుకుంది. పండగరోజు పొద్దున చోకు లాగి, పెడలు తొక్కి, తాళం తిప్పింది. దగ్గాను, తుమ్మాను, లేచాను. ఆమె ఏడుస్తూ నవ్వింది. నాకూ ఏడుపు వచ్చింది గానీ కార్లకి ఆ సదుపాయం లేదు.

మా ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్నది ఒక్క కారు పట్టే సందు. కొత్తదానికి మొదటి పూజ అని దాన్ని గేటు దగ్గర ముందు నిలబెట్టారు. దాని వెనక నేను. నా వెనక గోడ. శశాంక్ ముద్దుకొద్దీ తానే గంధం, పసుపు, కుంకుమ దిట్టంగా కలిపి దాని ముక్కు నిండా మెత్తాడు. పంతులుగారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. శశాంక్ బటన్ నొక్కాడు, డప్పులు మోగాయి, బండి కదల్లేదు. దాని ముందుకన్ను కుంకుమతో మూసుకుపోయింది. ఎదురుగా గోడ ఉందని అది గట్టిగా నమ్మేసి, బ్రేకులు బిగించుకుని, కుయ్యోమని మొర పెట్టుకుంది. పదిమంది తోసినా అంతే.

శశాంక్ తడిగుడ్డ అందుకున్నాడు. పెద్దాయన అక్క అప్పయ్యమ్మగారు ఆ చేయి పట్టేసుకున్నారు.

"పండగపూట బొట్టు తుడిచేస్తావురా? హారతైనా అవ్వకుండానే?"

చక్రం కదిలితే తప్ప హారతి ఇవ్వకూడదన్నారు పంతులుగారు. హారతి అయితే తప్ప బొట్టు తుడవకూడదన్నారు అప్పయ్యమ్మగారు. బొట్టు తుడిస్తే తప్ప చక్రం కదలదంది బండి. శశాంక్ కంపెనీవాళ్లకి ఫోన్ చేసి, వాళ్లు వినిపించే పాట వింటూ నిలబడ్డాడు.

వెనక నేను ఉడుకుతున్నాను. నా ముందు గేటు బార్లా తెరిచి ఉంది, గేటవతల సముద్రం మెరుస్తోంది, మధ్యలో కళ్లు మూసుకున్న చిలకపచ్చ పిల్ల. అది కదలలేదు, నేను ఆగలేను. వేడి ముల్లు ఎర్ర గీత దాటింది. హైమ పెడలు వదలకుండా తొక్కి పట్టుకుంది. ఇంజను కాసేపు ఆపమన్నాడు శశాంక్.

"ఆపితే మళ్లీ లేవదురా," అంది హైమ. "ముందు నీదాన్ని తియ్యి, నీకు దండం పెడతాను."

నా లోపల ఏదో టప్పుమంది. తెల్లటి ఆవిరి సందంతా కమ్మేసింది. భానోజీరావుగారు చేతికర్ర ఆనించుకుంటూ వచ్చి నా నుదుటి మీద అరచేయి పెట్టారు. కాలింది, అయినా తియ్యలేదు.

"చాలమ్మా. కట్టెయ్."

హైమ తాళం తిప్పింది. అదే క్షణాన ఫోనులో ఎవరో శశాంక్‌కి ఆ ముందుకన్నుని ఆపేసే బటన్ నొక్కి పట్టుకోమన్నారు. పట్టుకున్నాడు. బొట్టు బొట్టుగానే ఉంది, కొత్తది బుద్ధిమంతురాల్లా నిమ్మకాయలు తొక్కి గేటు దాటింది. శశాంక్ దాన్ని ఆ పక్కనే ఆపేసి, అక్క మొహం చూడలేక అందులోనే కూర్చుండిపోయాడు. నా ఇంజను తల పగిలింది. ఊళ్లో మెకానిక్కులందరూ వచ్చి చూశారు, ఇలాంటి తల ఇప్పుడు ఎక్కడా దొరకదన్నారు. సాయంత్రం లారీ వచ్చింది.

ఇక్కడ అంతా మర్యాదే. పిల్లలు తాడు అవతల నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు, పెద్దవాళ్లు దీని స్పీడెంత అని ఒకరినొకరు అడుగుతారు. దీపాలార్పి వెళ్లిపోయాక నా చక్రాలు జివ్వుమని లాగుతాయి. పట్టుమని పది గజాలు పోతే చాలు, ఈ గచ్చు మీదే అయినా సరే అనిపిస్తుంది.

మళ్లీ దసరా వచ్చింది. హైమ చీర కొంగులో నిమ్మకాయలు మూటకట్టుకుని వచ్చింది. ఇంజను తిప్పడం కుదరదని ఆఫీసరుగారు ముందే చెప్పేశారు. నిమ్మకాయలు తొక్కకూడదని నియమం ఏదైనా ఉందా అని అడిగిందామె. ఆయన నియమాల పుస్తకం తిరగేసి, లేదన్నారు. వెంట శశాంక్ కూడా ఉన్నాడు, అక్క స్కూటరు వెనక కూర్చుని వచ్చాడట. స్పీడ్ బ్రేకర్లు మరి. ఈసారి తన బండికి బొట్టు స్టీరింగు మీద పెట్టాడట. నాకు మాత్రం గంధం కలిపి నుదుటి నిండా పెట్టాడు, పెట్టి చేయి వెంటనే తియ్యలేదు.

"తొయ్యరా," అంది హైమ.

ఆమె కుడివైపు, వాడు ఎడమవైపు భుజాలు ఆనించారు. నిమ్మకాయలు చిట్లాయి. పుల్లటి వాసన ఆ గదంతా నిండింది. తోస్తూ తోస్తూ హైమ గొంతులో సన్నగా నా పాత ఇంజను పాట అందుకుంది, తమ్ముడు కూడా శ్రుతి కలిపాడు. నేను కదిలింది నిమ్మకాయంత దూరమే. పాట మాత్రం రెండో గేరు దాకా వెళ్లింది.